ఒక్క చుక్క కారని బండి

వేట నిషేధం మొదలైన వారానికల్లా మా ఇంట్లో నన్ను భరించడం కష్టమవుతుంది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలు సముద్రంలోకి పోకూడదంటారు. మంచి మాటే, కాదనను. కానీ ఆ రెండు నెలలూ ఈ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. పడవలన్నీ ఇసుక మీదికి లాగేసి ఉంటాయి. వలలు ఎన్నాళ్ళని బాగుచేసుకుంటాం? పేకాట నాకు రాదు, వచ్చినా ఒకచోట కూర్చోలేను. ఇంట్లోంచి ఒడ్డుకూ ఒడ్డు నుంచి ఇంటికీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాను.

"తోచీ తోచనమ్మ తోడికోడలు పుట్టింటికి పోయిందంట. నువ్వు గూడా యాడికన్నా పోయి రారాదా, ఇల్లు చిమ్ముకుంటా" అనేది మా ఆవిడ.

పోయిన ఏడు మాత్రం ఆమె ఆ మాట అనలేదు. అనే ఓపిక ఆమెకు లేదు.

మా ఊరు బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. నేను పడవ మీద పోతాను, ఆమె చేపలు అమ్ముతుంది. దగ్గర్లో కావలి ఉన్నా ఆమె అమ్మకం బుచ్చిరెడ్డిపాలెంలో. వాళ్ళమ్మ అక్కడే అమ్మేది. బజారు మొగలో, అందరికంటే ముందు కనపడే చోటు వాళ్ళమ్మది. ఆమె పోయాక ఆ చోట్లో మా ఆవిడ కూర్చుంది. వరి పండే ఊరు, ధాన్యం కొట్లున్న ఊరు, సముద్రపు చేప కనపడితే బేరం ఆడకుండా కూడా కొనేస్తారని ఆమె గొప్పగా చెబుతుంది. బేరం ఆడకుండా కొనేవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి.

చిక్కంతా అక్కడికి చేరడంలో ఉంది. బస్సులో చేపల గంప ఎక్కనివ్వరు. ఆటోవాళ్ళు గంప చూడగానే ముక్కు మూసుకుని వేగం పెంచుతారు. మిగిలింది ఒకే ఒక్క వ్యాను. చుట్టుపక్కల ఊళ్ళ చేపలామెలందరినీ ఎక్కించుకుని పోతుంది. అది డ్రైవరుకు బుద్ధి పుట్టినప్పుడు బయలుదేరుతుంది, బజారు సగం నడిచాక దింపుతుంది. మళ్ళీ వాడికి ఆకలేసినప్పుడు వచ్చి హారన్ కొడుతుంది. హారన్ వినపడగానే మిగిలిన చేపల్ని ఎంతకో అంతకు ఎవరికో ఒకరికి పారేసి, గంప ఎత్తుకుని పరుగెత్తాలి. అందరికంటే ఆఖర్న వచ్చి అందరికంటే ముందు లేచే మనిషికి బజారు మొగలో చోటెందుకు అని పక్కవాళ్ళకు అనిపించడంలో తప్పేముంది?

బజారులో ఆశీలు వసూలు చేసే పెద్దాయన చివరికి చెప్పేశాడట. "నీ మీద కోపం లేదమ్మా. కానీ మొగలో చోటు తెల్లారి ఖాళీగా కనపడతా ఉంటే నన్నే అడగతన్నారు. నిషేధం అయిపోయినాక బజారుకి తొలి చేప వచ్చే రోజు, తెల్లారేసరికి నువ్వు తాజా చేపతో కూర్చోనుంటే చోటు నీదే. లేదంటే రొయ్యలామెకి ఇచ్చేస్తా."

ఆ రోజు ఆమె ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఈ మాట నాకు చెప్పింది. ఏడవలేదు. కాళ్ళు కడిగిందే కడుగుతూ ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. వ్యాను వాడి మీదా, ఆటోల మీదా, హారన్ మీదా.

"ఇంక నువ్వు ఒకరి బండి కోసం చెయ్యెత్తేది లేదు" అన్నాను.

"నడిచి పొమ్మంటావా?" అంది.

నాకున్న రెండో వల అమ్మేసి, వారం తిరక్కముందే నాయుడుపేట పోయి బండి కొన్నాను. పెళ్ళికి ముందు ఐసు ఫ్యాక్టరీ బండి తోలేవాణ్ణి కాబట్టి బండ్ల గురించి నాకు తెలుసని నా నమ్మకం. అది కూరగాయలు తోలి తోలి అరిగిపోయిన పాత పికప్పు. హైవే పక్కన పాత ఇనుము కొట్టు ముందర, చుట్టూ తుమ్మ మొక్కలు మొలిచి ఉంది. వెనక తొట్టిలో నిలబడితే కింద నేల కనపడుతోంది. కొట్టు ఆయన బానెట్ ఎత్తి ఇంజన్ చూపించాడు.

"గుండెకాయ గట్టిదన్నా. మిగతాదంతా ఏముండాది, రేకే గదా."

నాతో వచ్చిన బావమరిది నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఇంకో రెండు చోట్ల చూద్దామన్నాడు. ఇంకో రెండు చోట్ల చూసే ఓపికే ఉంటే నేను నేనెందుకవుతాను? ఎడమవైపు తలుపును తాడుతో కట్టుకుని, ఎక్కడ ఆగిపోతుందో అని ఊపిరి బిగబట్టి, ఊరికి తోలుకొచ్చాం. పడవల వరుసలో, రెండు పడవల మధ్య ఖాళీలో దాన్ని నిలబెట్టాం. మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. తుప్పు పట్టిన చోట వేలు పెడితే వేలు లోపలికి పోయింది.

"వల ఇంతకంటే నయం. దాంట్లో చిల్లులన్నీ ఒకే సైజులో ఉంటాయి" అంది.

మెకానిక్ లోపలి ఊరి మనిషి. వాళ్ళది వరి పండించే ఇల్లు, ఈయన ట్రాక్టర్లు బాగుచేస్తాడు. కోతల కాలం. పొలాల్లో మిషన్లు ఆగిపోతే అటు పరుగెత్తాలి, మా బండి దగ్గరికి తీరిక దొరికినప్పుడు రావాలి. మొదటిసారి వచ్చినప్పుడు టైర్లను కాలితో తన్ని, కిందికి దూరి చూసి, బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, దీన్ని బాగుచేసే దానికంటే దీనికి కర్మ చేసేది సులువు."

అయినా చేశాడు. వాళ్ళ ఊళ్ళో మూలబడిన ఇంకో పాత బండి నుంచి క్లచ్ ప్లేటు ఊడదీసి తెచ్చాడు. రేడియేటర్‌కు మాటు వేశాడు. సైలెన్సర్‌ను తగరపు రేకుతో చుట్టాడు. బ్రేకుల దగ్గర మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు. ఏది పాతదైనా సరే, బ్రేకులు కొత్తవి పడాల్సిందే అంది. నిషేధ కాలానికి ఇచ్చే భృతి పడగానే అది బ్రేకుల్లోకి పోయింది. ఆ నెల మేము ఎక్కువగా ఎండు నెత్తళ్ళే తిన్నాం.

ఆయన "రేపొస్తా" అంటే ఆ రేపు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. తెల్లారి ఆరింటికే బండి దగ్గర కూర్చునేవాణ్ణి. ఎండెక్కేదాకా చూసి, నేనే ఏదో ఒక బోల్టు తిప్పి, తిప్పకూడనిది తిప్పి, ఆయన వచ్చాక తిట్లు తినేవాణ్ణి. "ఈ అన్న చేతులు కట్టేసి పోండమ్మా" అని మా ఆవిడతో మొరపెట్టుకున్నాడొకసారి. ఆదివారాలైతే మరీ హింస. ఆదివారం స్పానర్ ముట్టకూడదని మా ఇంట్లో రూలు. గుడిలో కూర్చుంటే ప్రసంగం ఒక చెవిలో, బ్రేకు డ్రమ్ములు ఇంకో చెవిలో. పాస్టరు గారు ఓపికతో ఉండటం గురించి మూడు వారాలు వరసగా చెప్పారు. నన్ను చూసే చెబుతున్నారని మా ఆవిడ మోచేత్తో పొడిచేది.

ఇంజన్ పలికింది. పలికిన రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ కూడా బాగా వచ్చిందిలెండి. సీటు లోపల పాత వల ముక్కలు కుక్కి, పైన టార్పాలిన్ వేసి, వల కుట్టే సూదితో మా ఆవిడ కుట్టింది. పడవలకు కొట్టగా మిగిలిన రంగులు అడుక్కొచ్చి పూశాను. ముందు భాగం నీలం, తలుపులు పసుపు. ఒక తలుపు సగంలో పసుపు అయిపోతే కింది సగం ఆకుపచ్చ చేశాం.

ఇక మిగిలింది వెనక తొట్టి. రేకు మార్చి వెల్డింగ్ చేయించాలంటే మా తాహతుకు మించిన పని. నిషేధం ముగియడానికి ఎన్నో రోజులు లేవు. ఏం చెయ్యాలో తోచక తొట్టి చుట్టూ తిరుగుతుంటే మా బావమరిది వచ్చాడు. అతని పని పడవలకు ఫైబర్ వెయ్యడం. నిషేధం నెలల్లో ఒడ్డు మీద ఊపిరి సలపని మనిషి అతనొక్కడే.

"రేకెందుకు బావా? ఫైబర్ పరుస్తాం. సముద్రాన్నే ఆపేది, చేపల్ని ఆపదా?"

నాకీ ఆలోచన ముందే ఎందుకు రాలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. పడవలకు వాడగా మిగిలిన రెసిన్ జిగురు ఉంది, ఫైబర్ మ్యాటు ముక్కలున్నాయి. తుప్పంతా గీకాం. మ్యాటు పరిచి రెసిన్ పూసి, మళ్ళీ మ్యాటు పరిచి మళ్ళీ పూశాం. ఆ వాసనకు తల తిరుగుతుంది, పొడి పడిన చోటల్లా దురద. పని లేక ఒడ్డున కూర్చున్న వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి తలో చెయ్యి వేశారు. తలా ఒక సలహా కూడా వేశారు.

తొట్టి నాలుగు మూలల్లో నాలుగు గుండ్రటి చిల్లులున్నాయి. తుప్పువి కావు, అంచులు నున్నగా ఉన్నాయి.

"ఇవి కంపెనీవే అయ్యుంటాయి" అన్నాను.

"కంపెనీదైతే ఏంది? చిల్లు చిల్లే" అన్నాడు బావమరిది.

అందరూ తలలూపారు. మా ఒడ్డు మీద చిల్లుకు మంచి చిల్లు, చెడ్డ చిల్లు అని తేడా ఉండదు. చిల్లు కనపడిందా, మూసెయ్యాలి. మూయకుండా నిద్రపోయినవాడు మర్నాడు ఈదాలి. నాలుగు మూలలకూ రెండేసి పొరలు వేశాం. వెనక తలుపు సందుల్లో కూడా టైరు ట్యూబు కోసి అంటించాం. ఐసు పెట్టెలు కొనే స్తోమతు ఎలాగూ లేదు కదా, తొట్టే ఐసు పెట్టె అవుతుందని నేను సంబరపడ్డాను.

పడవ బాగుచేశాక మా దగ్గర ఒక పరీక్ష ఉంది. లోపల నిండా నీళ్ళు పోసి వదిలేస్తాం. తెల్లారి వచ్చి కింద ఇసుక చూస్తాం. ఇసుక పొడిగా ఉంటేనే ఆ పడవ నీళ్ళలోకి దిగుతుంది. బండికీ అదే చేశాం. బిందెలతో నీళ్ళు మోసి తొట్టి నింపాం. మర్నాడు పొద్దున ఊళ్ళో సగం మంది వచ్చి బండి కింద బోర్లా పడుకుని చూశారు. ఇసుక ఎండి పొడిపొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. మా బావమరిదిని భుజాల మీదికి ఎత్తారు. అందరం నిమ్మకాయ సోడాలు తాగాం.

ఆ సాయంత్రం ఎండుచేపలు అమ్ముకుని మా ఆవిడ వచ్చేసరికి మేము తొట్టిలో దిగి మగ్గులతో నీళ్ళు తోడి పోస్తున్నాం.

"ఏంది ఇది?" అంది.

"పరీక్ష. ఒక్క చుక్క కారలా!"

ఆమె మమ్మల్నీ మగ్గుల్నీ కాసేపు చూసింది. బాగా అలిసిపోయి ఉంది. గంప చంకన పెట్టుకుని ఇంట్లోకి పోయింది. నీళ్ళు తోడేసరికి మాకు నడుములు పడిపోయాయి. అప్పుడైనా మాలో ఒక్కడికీ బుర్ర వెలగలేదు.

ఆఖర్న మెకానిక్ వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పాస్టరు గారు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, దారిలో నిప్పు వల్లా నీళ్ళ వల్లా ఏ కీడూ రాకూడదని ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థన అయ్యేదాకా మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు పాస్టరు గారు సముద్రం వైపు చూశారు. నీళ్ళ సంగతి అంత ముందుగా ఆయనకెలా తట్టిందో నాకిప్పటికీ తెలియదు.

నిషేధం ఎత్తేసిన రోజు పడవలన్నీ పోయాయి. నేను పోలేదు. ఊహ తెలిశాక మొదటిసారి తొలి వేటకు ఒడ్డున మిగిలిపోయాను. కాళ్ళు అటే లాగుతుంటే ఇసుకలో అటూ ఇటూ తిరిగి ఆ ఒడ్డంతా దున్నేశాను. సాయంత్రానికి పడవలు నిండుగా వచ్చాయి. కానాగంతలు, కొన్ని వంజరాలు. ఒక్కటీ నలగలేదు, మొప్పలు ఎర్రగా మందార రంగులో ఉన్నాయి. తొట్టిలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్ళీ ఐసు వేసి, పైన టార్పాలిన్ కట్టాం. తొలికోడి కూయకముందే బయలుదేరాం. ఆమె తాను కుట్టిన సీట్లో నిటారుగా కూర్చుంది. ఒళ్ళో తక్కెడ.

హైవే ఎక్కాక వెనక నుంచి ఏదో సద్దు.

"అలల సద్దు వినపడతా ఉండాదేందయ్యా?"

"సముద్రం ఉంది గదా."

"సముద్రం యాడుంది? వదిలేసి గంటయింది."

బ్రేకు వేసినప్పుడల్లా బండి ఆగాక ఇంకొకసారి ముందుకు తోసినట్టు ఊగుతోంది. క్యాబిన్ వెనక అద్దం మీద ఏదో చెళ్ళున కొడుతోంది. ఆపి చూడమంది. ఆపితే ఆలస్యమవుతుందన్నాను. తూర్పు తెల్లబడుతోంది. ఆ చోటు తప్ప నా తలలో ఇంకేమీ లేదు. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెళ్ళో తాళి కట్టాడని ఊరికే అనలేదు పెద్దలు.

వెలుతురు పూర్తిగా రాకముందే బుచ్చి చేరాం. బజారు మొగలో చోటు ఖాళీగా ఉంది. ఆశీలు పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని ఎదురొచ్చాడు. నిజంగానే వచ్చేశామని ఆయనకే సంతోషంగా ఉన్నట్టుంది. నేను గర్వంగా వెనక్కి పోయి తలుపు గడియ తీశాను.

ఐసు కరిగిన నీళ్ళు ఒక్క ఉరుకున బయటికి దూకాయి. పెద్దాయన పంచె తడిసింది. నీళ్ళతో పాటు ఇరవయ్యో ముప్పయ్యో కానాగంతలు బజారు నేల మీదికి జారి తలో దిక్కుకు పోయాయి. రాత్రంతా ఒక్క చుక్క బయటికి పోలేదు కదా. మేమేగా అన్ని దారులూ మూసింది.

ఆమె ఒక చేపను తీసి మొప్ప ఎత్తి చూసింది. నేనూ చూశాను. ఎరుపంతా నీళ్ళలోకి పోయి, మొప్పలు పాలిపోయి ఉన్నాయి. చేప కొనేవాళ్ళు ముందు చూసేదే మొప్ప. తాజా చేపలే. నిన్న సాయంత్రం మా కళ్ళ ముందు ఎగిరినవే. కానీ ఎవరు నమ్ముతారు? తొలిరోజు, ఆ చోట్లో, పాలిపోయిన మొప్పలతో చేపలు. రెండు నెలలు తిరిగి, వల అమ్మి, చివరికి నా చేతులతోనే ఆమె చోటును ముంచేశాననిపించింది. అప్పటికే చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. ఒకడు నవ్వితే నాకు కోపం ఆగదు. చొక్కా చేతులు పైకి లాగాను.

ఆమె నా వైపు కూడా చూడలేదు. తన చోట్లో గోనెపట్టా పరిచి, పద్ధతిగా కూర్చుని, తక్కెడ పక్కన పెట్టి గొంతెత్తింది.

"నవ్వండమ్మా, నవ్వండి! మా ఆయన్ని బండి చెయ్యమంటే పడవ చేసినాడు! బోగోలు కాడ్నించి బుచ్చి దాకా ఈ చేపలు ఈదుకుంటా వచ్చినాయి. ఇంతకంటే తాజా చేప యాడ దొరుకుద్ది మీకు?"

బజారు ఘొల్లుమంది. ఆశీలు పెద్దాయన తడి పంచె పిండుకుంటూ నవ్వాడు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి మొప్ప ఎత్తబోయింది.

"మొప్ప చూడబాక పెద్దమ్మా. నీళ్ళకి తెల్లబడింది, నేనే చెప్తన్నా గదా. కన్ను చూడు. వేలితో నొక్కి చూడు. ధర తగ్గించే ఇస్తా. ఇంటికిపోయి పులుసు పెట్టి, బాగలేకపోతే రేపొచ్చి నన్ను తిట్టు. ఇదే చోట్లో ఉంటా."

పెద్దావిడ కన్ను చూసింది. నొక్కి చూసింది. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈయనేనా పడవ చేసింది?" అని అడిగి రెండు కిలోలు తూయించుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ముందు బండి చూసి, తర్వాత నన్ను చూసి, ఆ తర్వాత చేప కొన్నారు. కోపం తెచ్చుకోవడానికి నాకు తీరిక లేకుండా పోయింది. కొబ్బరిబొండాలాయన్ని గునపం అడిగి తీసుకుని తొట్టిలోకెక్కి, మూలల్లో మూసిన నాలుగు చిల్లుల్నీ మళ్ళీ పొడవడం మొదలుపెట్టాను. మా బావమరిది పని గట్టిది. ఒక్కో మూలకూ చెమట కారిపోయింది. నేను గునపం ఎత్తినప్పుడల్లా కింద నుంచి ఎవరో ఒకరు "ఇంకోటి, ఇంకోటి" అని అరుస్తున్నారు.

నాలుగో మూల నుంచి నీళ్ళు కిందికి జారేసరికి ఎండ వచ్చింది. పెద్దాయన పంచె ఆరిపోయింది. ఆయన ఆ చోటుకు ఆ రోజు ఆశీలు రసీదు రాసి ఆమె చేతికిచ్చి, పక్క గంప దగ్గరికి పోయాడు. రొయ్యలామె చివరి వరసలో గంప దించుకుంది. అప్పటికి నాకు మళ్ళీ కాలు నిలవడం మానేసింది. సగం చేపలు అమ్ముడయ్యాయి, ఇక పోదామా అన్నాను. ఆమె వినలేదు. ఇంకాసేపటికి మళ్ళీ అన్నాను.

అప్పుడు బజారు బయట వ్యాను హారన్ మోగింది.

వరసలో ఉన్న మా వైపు ఊళ్ళ ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. మా ఆవిడ కూడా లేచింది. ఒక చెయ్యి తక్కెడ మీదికి పోయింది, రెండో చెయ్యి మిగిలిన చేపల్ని గంపలోకి తోసేస్తోంది. కొంగు నడుముకు దోపేసింది. ఎదురుగా ఉన్న మనిషితో "ఎంతో కొంత ఇయ్యి, తీసుకోని పో" అని కూడా అనేసింది. అలా సగం వంగి ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది.

హారన్ మళ్ళీ మోగింది. ఆమె తలెత్తి, నీలం ముందూ పసుపు తలుపులూ ఉన్న మా బండిని చూసింది. గంపలో వేసిన చేపల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ గోనెపట్టా మీద వరసగా పెట్టింది. ఎదురుగా ఉన్న మనిషి చేతిలో చేపను వెనక్కి తీసుకుని, ఇందాక చెప్పిన ధరే మళ్ళీ చెప్పింది. తర్వాత మెల్లగా కూర్చుంది.

"పోదామా?" అని మళ్ళీ నా నోటి నుంచి వచ్చేసింది.

"యాడికి?" అంది ఆమె నన్ను చూసి. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎవరి బండి తప్పిపోద్దని? కూర్చో."

గంప బోర్లించుకుని ఆమె పక్కన కూర్చున్నాను.